మట్టి మన్నించింది

చండ్రుగొండ ఇంకా ఖమ్మం జిల్లాలో ఉన్న రోజుల్లో మా మామయ్యకు ఒక మహీంద్రా జీపు ఉండేది. ఎండాకాలం తునికాకు కట్టలు, వానాకాలం జ్వరపడ్డవాళ్లు, ముక్కోటికి భద్రాచలం పోయేవాళ్లు, అందరూ దాంట్లోనే. ములకలపల్లి వైపు అడవి పల్లెల్లో వాగు పొంగితే బస్సు రాదు, మామయ్య వస్తాడు. కర్రతో లోతు చూసి, చిన్న గేర్‌రాడ్డు వేసి నాలుగు చక్రాలకూ బలమిచ్చేవాడు. జీపు అవతలి ఒడ్డున తేలేది. ఆ వైభవమంతా 6.00-16 సైజు టైర్ల మీద నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపులకు వేసిన సైజే అది.

వెనక టైర్లు రెండూ నున్నబడ్డాయి. పాత టైర్ల షాపులో 6.50-16 జత సగం ధరకు దొరికింది. రిమ్ము అదే పదహారు అంగుళాలు గనుక ఎక్కాయి. ‘‘చక్రానికి పట్టింది కదా అల్లుడూ, ఇంకేం గావాలె?’’ అన్నాడు. వెనక కాస్త ఎత్తొచ్చి జీపు కోడెదూడలా ఉందని మురిసిపోయాడు కూడా. నేనప్పుడు ఇంటర్. సరదాకి తాడు చుట్టి కొలిచాను. ముందు టైరు కంటే వెనకది నాలుగు వేళ్లు ఎక్కువొచ్చింది. నాలుగు వేళ్లే కదా అనుకున్నాం.

ఆ నాలుగు వేళ్ల లెక్క చాలా ఏళ్లకు గాని చేయలేదు. కిలోమీటరుకు చిన్న టైరు సుమారు 440 చుట్లు తిరిగితే, పెద్దది 425 తిరుగుతుంది. వెనక చక్రాలకే బలం పోతున్నంతసేపు ఆ పదిహేను చుట్లతో పెద్ద పేచీ లేదు. ఫోర్‌వీల్ వేశాక ముందు ఇరుసు, వెనక ఇరుసు గేరుపెట్టెలో ఒకదానికొకటి ముడిపడతాయి. రెండూ ఒకే లెక్కన తిరగాలి, తేడా ఉంటే ఏదో ఒక చక్రం జారాలి. బురదలో అది హాయిగా జారేది. అడవి దారి మా తప్పును ఏళ్లతరబడి కడుపులో దాచుకుంది.

తారు రోడ్డు దాచలేదు. కొబ్బరికాయలు కొట్టి మరీ పిలుచుకున్న రోడ్డే. దాని మీద టైరు అంత సులువుగా జారదు, ఆ మెలి అంతా గేరుపెట్టె పళ్ల మీద పడుతుంది. వాగు దాటాక రాడ్డు వెనక్కి లాగడం మామయ్య తరచూ మరిచేవాడు. గుర్తొచ్చి లాగితే బిగుసుకుని వచ్చేది కాదు. బండిని నాలుగడుగులు రివర్స్ చేసి విడిపించేవాడు. ‘‘ముసలిదైంది, మొండికేస్తున్నది’’ అని దాన్నే తిట్టేవాడు.

ఒక సంక్రాంతికి వెనక కుడి టైరు పగిలింది. స్టెప్నీ ఎప్పుడో అమ్ముడుపోయింది. ట్రాక్టరు ముందు టైరు తెచ్చి ఎక్కించారు. దాని మీదా 6.00-16 అనే ఉంటుంది, చాలామంది బోల్తాపడేది అక్కడే. అది గంటకు 30, 40 కిలోమీటర్ల నడకకు చేసిన టైరు. దుక్కిలో పక్కకు పోకుండా చుట్టూ నిలువు గాళ్లు తప్ప, తడి తారు మీద పట్టి ఆపే గళ్లు దానికి లేవు. ఇక ఒకే ఇరుసు మీద ఎడమ చక్రం ఒక ఎత్తు, కుడి చక్రం ఒక ఎత్తు. మలుపుల్లో పనిచేయాల్సిన డిఫరెన్షియల్ పినియన్లకు తిన్నని రోడ్డు మీద కూడా తీరిక లేకుండా పోయింది. వెనక హౌసింగ్ దగ్గర ఆయిలు మాడిన వాసన, నక్క ఊళలాంటి మోత. తాడు చుట్టి కొలిచినవాణ్ని నేనే, అయినా నోరు విప్పలేదు. సెలవులకొచ్చి దర్జాగా ముందు సీట్లో కూర్చుని తిరిగాను.

జూలై ముసురులో, సంత నుంచి వస్తుంటే మేక అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కాడు. ఎడమ చక్రం రోడ్డును పట్టుకుంది, కుడిది జారింది. జీపు ఎడమకు మెలితిరిగి ఇప్పచెట్టును గుద్దింది. అందరి ప్రాణాలూ దక్కాయి. మామయ్య మోకాలు దక్కలేదు. ఆ మేక సాయంత్రానికి అక్కడే మేస్తున్నదట.

అంతమందిని వాగులు దాటించిన మనిషి, తర్వాత అరుగు మీద కూర్చుని పోయే బస్సులు చూశాడు. 2016లో మా జిల్లా మారింది, జీపు కాగితాల్లో మాత్రం ఖమ్మమే మిగిలింది. ఆయన పోయిన ఏడాది దాన్ని తూకానికి ఇచ్చేశాం. పాత ఇనుము కొన్నతను టైర్లు వద్దని విప్పి, చింతచెట్టు కింద పడేసి పోయాడు. నాలుగు టైర్లు, మూడు రకాలు.