నెట్లీ పాఠశాల, మన భాగ్యనగరము

యుద్ధమున సైనికుని ప్రాణములు గొనునది శత్రువుల ఆయుధమే యని లోకము తలచును. కాని 1853లో మొదలై 1856లో ముగిసిన క్రిమియా సంగ్రామమున అసువులు బాసిన ఆంగ్లసైనికులలో అత్యధికులు విషూచి, రక్తగ్రహణి, విషజ్వరము మున్నగు వ్యాధుల వాతబడినవారే. గాయములకు చికిత్సచేయ నేర్చిన వైద్యులు సైన్యమున లేకపోలేదు. ఎడింబరో విశ్వవిద్యాలయమున 1806 నుండియే విద్యార్థులకు సైనిక శస్త్రవైద్యమును బోధించు ఆచార్యపీఠ ముండెను. అయినను శిబిరమున కెట్టి నేలను ఎన్నుకొనవలెను, వేలమంది త్రాగు నీటిని ఎట్లు పరీక్షింపవలెను అను విషయములు బ్రిటను దేశపు వైద్యవిద్యలో తగిన స్థానము నొందలేదు.

ఈ లోపమును తీర్చుటకై ఫ్లారెన్సు నైటింగేలు పట్టుదలయు, మంత్రియగు సిడ్నీ హెర్బర్టు అధికారబలమును తోడుకాగా, 1860లో చాథం పట్టణమందలి ఫోర్టు పిట్టులో సైనిక వైద్య పాఠశాల నెలకొని, 1863లో సౌతాంప్టనుకు చేరువనున్న నెట్లీ ఆసుపత్రికి తరలెను. వైద్యపట్టము నొంది, సైన్యప్రవేశ పరీక్షలో నెగ్గిన యువకులు అచట కొన్ని నెలలు శిక్షణ పొందవలసియుండెను. పార్క్సు ఆచార్యుని ప్రయోగశాలలో వారు నీటిని, గాలిని, పిండిని, పాలను స్వహస్తములతో పరీక్షించి దోషములు కనుగొనుచుండిరి; భారతదేశము నుండి ఓడలలో వచ్చిన జబ్బు సిపాయిల మంచములకడ ఉష్ణదేశ వ్యాధుల తీరు గ్రహించుచుండిరి.

ఆ వ్యాధులను గూర్చి బోధించిన సైనిక వైద్యాచార్యుడు విలియం క్యాంబెల్ మెక్లీను మనకు పరాయివాడు కాడు. హైదరాబాదు రెసిడెన్సీలో వైద్యుడుగా నుండి, నిజాము నాసిరుద్దౌలా ప్రభుత్వకాలమున, 1846లో, ఉర్దూభాషలో పాశ్చాత్యవైద్యమును నేర్పు పాఠశాలను నడపినవాడాతడే. నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలమదియే. మన నేలపై రోగులను చూచి గడించిన అనుభవమును అతడు నెట్లీలో పాఠముగా చెప్పెను. అతడచట ఆచార్యుడుగా నున్న కాలముననే, 1881లో, రొనాల్డు రాసు ఆ పాఠశాలలో శిక్షణపొంది భారత వైద్యసేవలో చేరెను. 1897 ఆగస్టు 20వ తేదీన, సికిందరాబాదులో, దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో పరికించి, మలేరియా క్రిమిని కనుగొన్న సైనికవైద్యుడాతడే.

అట్టి సైనిక వైద్యశిక్షణకై మన దేశమునను, స్వాతంత్ర్యానంతరము, 1948లో, పూనాలో సాయుధదళముల వైద్యకళాశాల ఏర్పడెను. 1962 నుండి అచట పట్టపూర్వ విద్యార్థులను గూడ చేర్చుకొనుచున్నారు. నెట్లీలో వలె పట్టము చేతికి వచ్చిన పిమ్మట కొన్ని నెలలలో నేర్పుటకంటె, విద్యారంభము నుండియే వ్యాధినివారణ దృష్టి నలవరచుట మేలు. సైన్యమున చేరువారికే కాక, వైద్యవిద్యార్థులందరికిని ఇది ఆవశ్యకము. ఏలయన, ఉప్పెన వచ్చి ఊళ్లకు ఊళ్లు ఒక్క పాఠశాల వసారాలో తలదాచుకొన్ననాడు, అచటి వైద్యుడు మందులపెట్టె తెరచుటకు ముందు మంచినీటికిని, మరుగుదొడ్లకును ఏర్పాటు చేయవలెను. రోగిని బ్రతికించుటతోబాటు ఆరోగ్యవంతుని రోగి కాకుండ కాపాడుటయు వైద్యుని ధర్మమని సైనిక వైద్యము ఎన్నో ప్రాణముల వెలయిచ్చి నేర్చుకొన్నది. ఆ పాఠము ప్రతి వైద్యకళాశాలలోను వినబడవలెను.