లేత అడవి, ఒక పిట్ట లెక్క



అమెరికా తూర్పు అడవుల్లో వుడ్‌కాక్ అనే వేట పిట్ట ఉంది. పొడవాటి ముక్కుతో తడి నేలలో వానపాములు ఏరుకు తింటుంది. దానికి ముదురు అడవి చాలదు, లేత పొదల అడవి కావాలి. పూర్వం అక్కడి ఆదివాసులు కొన్నిచోట్ల నిప్పుపెట్టి అడవిని లేతగా ఉంచేవారు. తర్వాత రైతులు వదిలేసిన పొలాల్లో పొదలు లేచాయి. కాలక్రమంలో అవీ ముదిరాయి, నిప్పునూ ఆపేశారు. పిట్ట తగ్గింది.

తగ్గిందని ఎలా తెలిసింది? లెక్కపెట్టారు కాబట్టి. 1968 నుంచి ఏటా వసంతంలో, ముందే ఎంచిన దారుల్లో, పొద్దుగూకాక 10 చోట్ల ఆగి, ఒక్కోచోట 2 నిమిషాలు మగపిట్టల కూత వింటున్నారు. మెయిన్ రాష్ట్రంలో 1937లో ఏర్పడిన మూస్‌హార్న్ అభయారణ్యంలో అడవిని ముక్కలు ముక్కలుగా, వంతులవారీగా నరికి మళ్లీ చిగురించనిచ్చారు.

మన మన్యంలోనూ పోడు విడిచిన నేల పొదలై, అడవై ఎదిగేది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత ఆంక్షలు బిగిశాయి. నేలను విడిచే ఏళ్లు తగ్గితే అడవి కోలుకోదన్నదీ నిజమే.

అడవికోడి ఏ గట్టున, ఏ నెలలో కూసేదో మీ అవ్వలనూ తాతలనూ అడిగి రాసుకోండి. ఏటా అదే చోట, అదే వేళ వినండి. లెక్క ఉంటేనే మన మాటకు బలం.