కట్టలోంచి తీసేసిన ముక్కలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ఆ 61 రోజులు సముద్రాన్ని వదిలేయాలి. నిజాంపట్నం హార్బరులో అప్పుడు బోట్లన్నీ పక్కపక్కనే కట్టేసి ఉంటాయి. పొద్దున్నే వలలు బాగుచేసుకునేవాళ్ళు, ఇంజను విప్పి చూసుకునేవాళ్ళు ఎండెక్కేసరికి నీడ పట్టున చేరతారు. పేక కట్ట బయటికొస్తుంది. నేను ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. బోటు కదలకపోతే ఐసుకు బేరం ఉండదు, నాకూ పని తగ్గుతుంది. అందుకే ఈ ఆటల్ని ఏళ్ళ తరబడి చూశాను, మా ఇంటి వసారాలో ఆడాను కూడా. చూసినకొద్దీ నాకు గట్టిగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఏ ముక్కలు కట్టలో ఉండకూడదో ఆడేవాళ్ళు ముందే కూర్చుని తేల్చుకున్న ఆటే నాలుగు కాలాలు నిలుస్తుంది. అలా తేల్చుకోకుండా మొదలైన ఆట తగువులో ముగుస్తుంది, లేదంటే అప్పులో ముగుస్తుంది.

పేక రాకముందు మన దేశంలో గంజిఫా ఉండేది. బాబరు 1527లో సింధు పాలకుడు షా హుసేనుకు గంజిఫా పంపించినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. మొగలాయిల గంజిఫాలో 8 రంగులు, 96 ముక్కలు. దశావతార గంజిఫాలో అవతారానికి 12 చొప్పున 120 ముక్కలు. గుండ్రంగా చేసి బొమ్మలేసేవాళ్ళు. మన వైపు నిర్మల్ చిత్రకారులు కూడా ఈ ముక్కలు తయారుచేశారు. ఇప్పుడు మనం ఆడే 52 ముక్కల కట్ట మాత్రం యూరపు ఓడలతో పాటు తీరానికి చేరింది.

ఆ ఓడలకు మా ఊరు బాగా తెలిసిన రేవు. అప్పట్లో దీన్ని పెద్దపల్లి అనేవారు, తెల్లవాళ్ళ కాగితాల్లో పెటపోలి అయింది. డచ్చివాళ్ళు 1606లోనే ఇక్కడ వ్యాపార స్థావరం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు దిగారు. మచిలీపట్నంతో పాటు ఈ తీరంలో వాళ్ళు మొట్టమొదట కాలుపెట్టిన చోట్లలో ఇదొకటి. అద్దకం బట్టలు, వాటికి ఎరుపు నిచ్చే చిరివేరు వాళ్ళను ఇక్కడికి రప్పించాయి. డచ్చివాళ్ళు 1668 దాకా ఉన్నారు. ఇంగ్లీషువాళ్ళు నడుమ కొన్నేళ్ళు మూసేసినా 1687 దాకా కొనసాగారు. మనం కళావరు, ఆటీను, తురుపు అంటున్నవి డచ్చివాళ్ళ నోట క్లావర్, హార్టెన్, ట్రూఫ్. పేక ఏ దారిన మన తీరానికి వచ్చిందో చెప్పడానికి ఆ పోలిక చాలు.

ముక్కలు తీసేసే పద్ధతిని నేను మొదట చూసింది ఇరవై ఎనిమిది ఆటలో. మా పెదనాన్న కొచ్చిలో బోటు మీద పనిచేసే రోజుల్లో నేర్చుకొచ్చి మా అందరికీ నేర్పాడు. ఆట మొదలెట్టే ముందు కట్ట విప్పి రెండు నుంచి ఆరు దాకా అన్ని రంగుల ముక్కలూ ఏరేసేవాడు. 52లో 20 పోతే 32 మిగులుతాయి. నలుగురు ఆడతారు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు, మనిషికి ఎనిమిది ముక్కలు. ఈ ఆటలో అన్నిటికన్నా పెద్దది జాకీ, దానికి మూడు. తర్వాత తొమ్మిది, దానికి రెండు. ఆసుకు ఒకటి, పదికి ఒకటి. రాజు, రాణి, ఎనిమిది, ఏడు ఉత్తవి. ఒక్కో రంగుకు ఏడు, నాలుగు రంగులకు ఇరవై ఎనిమిది. జాకీని, తొమ్మిదిని నెత్తికెక్కించుకున్న ఈ వరస హాలండులో పుట్టిన ఆటల కుటుంబానిదని ఆటల చరిత్ర రాసేవాళ్ళు చెబుతారు.

ముందు నాలుగేసి ముక్కలు పంచుతారు. అవి చూసుకుని పాట పాడాలి. పద్నాలుగుకు తగ్గకూడదు, అంటే సగం మేమే గెలుస్తామని ఒప్పుకున్నట్టే. పాట ఎవరిదైతే తురుపు వాళ్ళదే, కానీ అదేమిటో పైకి చెప్పరు. ఇక్కడ పెదనాన్న ఏరేసిన ముక్కలు పనికొస్తాయి. కళావరును తురుపు చేయాలనుకున్నవాళ్ళు పక్కన పెట్టిన వాటిలోంచి కళావరు రెండో మూడో తీసి బోర్లా పెడతారు. ఆ తర్వాత మిగతా నాలుగు ముక్కలూ పంచుతారు. లెక్క రాయడానికి కాగితం కూడా అక్కర్లేదు. జట్టుకో ఆరు ముక్క ఇచ్చి, దాని మీద ఇంకో ముక్క బోర్లా కప్పి, ఆట గెలిచినప్పుడల్లా కొంచెం జరిపి ఒక్కో గుర్తు బయటపెట్టేవాళ్ళం. ఆటలోంచి తీసేసిన ముక్క ఆటకు సాక్షిగా కూర్చునేది.

మొదటిసారి చూసినప్పుడు, ఉన్న కట్టంతా పెట్టుకుని ఆడొచ్చు కదా అని అడిగాను. "ఆడి చూడమ్మా" అన్నాడు పెదనాన్న. 52 ముక్కలతో ఆడితే ఒక్కొక్కరికి పదమూడు వస్తాయి. చాలాసార్లు కింద పడ్డ నాలుగు ముక్కలకూ కలిపి సున్నా. ఎత్తుకున్నా ఒకటే, వదిలేసినా ఒకటే. ఏ ముక్క ఎవరి చేతిలోంచి పోయిందో గుర్తుపెట్టుకునేంత ఓపిక ఎవరికీ ఉండదు. చిన్న ముక్కలు తీసేశాక పడ్డ ప్రతి ముక్కకూ లెక్క ఉంటుంది, పడనివి ఏమిటో ఊహించడానికి వీలుంటుంది. అయినా ఉత్త ముక్కలన్నీ తీసేయరు. ఏడు, ఎనిమిది, రాణి, రాజు లేకపోతే జాకీ ఉన్నవాడు దాన్ని ఎప్పుడు దాచాలో ఎప్పుడు విడవాలో ఆలోచించే పని ఉండదు. ఎంత తీయాలో, ఎక్కడ ఆగాలో ఎన్నో తరాల ఆటగాళ్ళు ఆడి ఆడి తేల్చిన కొలత అది.

రమ్మీలో ముక్కలు తీసేయరు, పైగా కలుపుతారు. రెండు కట్టలు, వాటితో జోకర్లు. జోకరు ఏ ముక్క స్థానంలోనైనా నిలబడుతుంది. పదమూడు ముక్కల్లో మూడు జోకర్లు పడ్డాయంటే ఆట తెలియనివాడూ గెలవగలడు. అందుకే దానికో కట్టు పెట్టారు. జోకరు లేకుండా ఒకే రంగులో వరసగా కనీసం మూడు ముక్కలు కూర్చితేనే ప్యూర్ సీక్వెన్స్. తెనాలి, రేపల్లె, బాపట్ల అంతటా దాన్నే లైఫ్ అంటారు. లైఫ్ పడకుండా షో చెప్పడానికి లేదు. చేతిలో ఎన్ని జోకర్లున్నా ముందు సొంత ముక్కలతో ఒక వరస కూర్చుకోవాలి. అదృష్టం అందరికన్నా ముందు పరిగెత్తకుండా ఆపే ఈ ఒక్క నియమం వల్లే రమ్మీ బుర్ర పెట్టి ఆడే ఆటగా మిగిలింది.

అది బుర్ర పెట్టి ఆడే ఆటేనని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం చేత చెప్పించింది కూడా మన తెలుగు నేల మీద జరిగిన కేసే. 1963 మే 4న సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల రమ్మీ నడుస్తోంది. హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల మధ్య నడిచిన ఆ కేసులో 1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా తీర్పు చెప్పారు. పడ్డ ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలిసి ఉండాలి, కాబట్టి రమ్మీలో ముఖ్యమైనది నైపుణ్యమే అన్నారు. ఫ్లష్ లాంటి మూడు ముక్కలాటను మాత్రం ఉత్త అదృష్టం మీద నడిచే ఆటల్లో చేర్చారు. రమ్మీయే అయినా ఆ పందేల మీద క్లబ్బు లాభం చేసుకుంటే అది వేరే సంగతని కూడా చెప్పారు.

1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా నైపుణ్యపు ఆటలకు మినహాయింపు ఇచ్చింది. క్లబ్బు టేబులు దగ్గర ఆ గీత చాలాకాలం నిలిచింది. ఫోనులోకి ఆట వచ్చాక చెరిగిపోయింది. ఎదుటివాడి మొహం కనిపించదు, ఇక చాలు లెమ్మనే మనిషి పక్కన ఉండడు, అర్ధరాత్రి కూడా ఆట ఆగదు. ముక్కలు అవే, నియమాలు అవే, కానీ అక్కడ ఆటను పందెం మింగేసింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడాయే చూడకుండా డబ్బుతో నడిచే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది.

డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు ఫోనులో చెప్పిన సంగతి ఇక్కడ కలిసింది. వాడు స్నేహితులతో కలిసి మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆడతాడు. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితశాస్త్రజ్ఞుడు తయారుచేసిన ఆ ఆట 1993లో వచ్చింది. ఎవరి కార్డులు వాళ్ళే కొని కట్ట కూర్చుకోవాలి. మొదట్లో ఆటకు ముందు ఇద్దరూ తలా ఒక కార్డు పందెం పెట్టాలనే నియమం ఉండేది, గెలిచినవాడు రెండూ తీసుకుపోయేవాడు. ఆ పందెం చుట్టూ తిరిగే కార్డులు తొమ్మిది వచ్చాయి. కొద్ది కాలానికే పందెం నియమం మూలబడింది, ఆ తొమ్మిది కార్డులూ నిషేధంలోకి వెళ్ళాయి. 2020 జూన్‌లో జాతివివక్ష కనిపించే ఏడు కార్డుల్ని తయారీ కంపెనీయే తొలగించింది.

వాడు ఆడేది కమాండర్ అనే పద్ధతి. నూరు కార్డుల కట్ట, మామూలుగా నలుగురు ఆటగాళ్ళు, బహుమతి కోసం కాక సరదా కోసం ఆడే ఆట. "పిన్నీ, 2024 సెప్టెంబరు 23న నాలుగు కార్డులు నిషేధించారు. ఎంత గొడవైందో" అన్నాడు. వాటిలో మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ అనేవి ఉన్నాయి. మొదటి వంతులోనే అవి పడ్డవాడికి మిగతావాళ్ళకు నాలుగైదు వంతులకు గానీ రాని బలం వచ్చేస్తుంది. తక్కిన ముగ్గురూ ఇంకా మొదలెట్టకముందే ఆట తేలిపోతుంది. ఖరీదు పెట్టి కొన్నవాళ్ళు ఆ కార్డుల ధర పడిపోయిందని మండిపడ్డారు. ఆ నియమాలు చూసుకునే కమిటీలోని వాళ్ళను బెదిరించేదాకా వెళ్ళారు. వారం తిరిగేసరికి కమిటీ ఆ బాధ్యతను కంపెనీకి అప్పగించి తప్పుకుంది. సొంత సమయం వెచ్చించి ఒక ఆటను కాపాడుకుంటూ వచ్చినవాళ్ళకు ఆ గతి పట్టడం నాకు బాధనిపించింది. వాళ్ళు చేసిన పని మా పెదనాన్న చేసిన పనే. లైఫ్ లేనిదే షో లేదన్న నియమం పెట్టినవాళ్ళు చేసిందీ అదే.

నిషేధం అనగానే ఎవరో మన చేతిలోంచి లాక్కున్నట్టు అనుకుంటాం. నలుగురూ ఒప్పుకుని తీసేసిన ముక్క అలాంటిది కాదు. డబ్బున్నవాడికి, మంచి ముక్కలు పడ్డవాడికి మాత్రమే కాక కూర్చున్న నలుగురికీ ఆట ఉండాలన్న మాట అందులో ఉంటుంది. ఆ పని చేయాల్సినవాళ్ళు చేయనప్పుడే చట్టం రావాల్సి వస్తుంది. చట్టం వచ్చేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

మా హార్బరులో ఆ నష్టం నేను చూశాను. 2025లో ప్రభుత్వం నిషేధ కాలానికి ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చింది. బోటు మీద పనిచేసే ఒకతను ఆ డబ్బులో చాలా భాగం మూడు ముక్కలాటలో పోగొట్టుకున్నాడు. ఆయన భార్య మా ఫ్యాక్టరీకి వచ్చి, వేట మొదలయ్యాక ఇస్తానని ఇంటి ఖర్చుకు అప్పు అడిగింది. ఆమె చేతిలో బియ్యం కొట్టు చీటీ ఉంది. ఆయన పక్కన కూర్చుని ఆడినవాళ్ళందరూ ఆయనకు తెలిసినవాళ్ళే, ఒకే వల లాగినవాళ్ళే. ఇరవై ఎనిమిదిలో రెండు ముక్క ఎందుకు తీసేయాలో వాళ్ళందరికీ తెలుసు. పందెం కూడా తీసేయాల్సిందేనని ఒక్కరూ అనలేదు.

చేపల్ని కాపాడటానికి రెండు నెలలు సముద్రం వదిలేయడం మన వాళ్ళకు తెలిసిన కట్టుబాటే. పేక ముందు అంతకన్నా చిన్న కట్టుబాటు చాలు. ముక్కలు కలపకముందే నలుగురూ తేల్చుకోవాలి: మూడు ముక్కలు వద్దు, డబ్బు వద్దు, ఆరు ముక్క మీద లెక్క చాలు. ఆ మాట చెప్పడానికి పోలీసు అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు. చాప పరిచి కట్ట విప్పిన మనిషికే ఆ అధికారం మొదటినుంచీ ఉంది, దాన్ని వాడుకోవాల్సిందీ ఆ మనిషే.