ఇసుకలో ఓనమాలు

బిడ్డకు అయిదవయేడు వచ్చినంతనే అక్షరాభ్యాసము జరుపుట మన యిండ్లలో ఆచారము. ఈ కాలమున మూడవయేటనే జరుపువారును పెక్కురు. పళ్లెములో బియ్యము పఱచి, విఘ్నేశ్వరుని పూజించి, పురోహితుడో అయ్యవారో బిడ్డ చూపుడువ్రేలు పట్టుకొని ఆ బియ్యములో ఓనమాలు దిద్దించును. వసంతపంచమినాడు ఈ వేడుకకై బాసరకు వచ్చు తల్లిదండ్రులకు లెక్కయే లేదు. తంతు ముగిసినపిదప బియ్యము పురోహితునకు పోవును. బిడ్డచేతికి పలకయో పెన్సిలో వచ్చును. అంతటితో వ్రేలి పని తీఱినట్లే.

ఆ వ్రేలి పని ఒకప్పుడు ఒక్క ముహూర్తముతో తీఱెడిది కాదు. నెలల తరబడి సాగెడిది. బియ్యమునకు మాఱుగా ఇసుక. పూజాపీఠమునకు మాఱుగా వీథియరుగు. పసివారికి అక్షరము నేర్పుటకై మన పూర్వులు కనుగొనిన ఆ పద్ధతిని పరదేశీయులు చూచి మెచ్చిరి. కొంత తమ దేశమునకు గొనిపోయిరి. మనము దానిని పూజకు మాత్రము మిగిల్చికొని చదువునుండి తొలగించితిమి. ఆ వృత్తాంతమునే నేడు మనవి చేయబూనితిని.

మొదట ఒక మాటను గూర్చి చెప్పవలెను. మన భాషలో పసివాడు అక్షరములను 'చదువుట' లేదు, 'దిద్దుట' కలదు. అయ్యవారు వ్రాసిన యక్షరముమీద, అదే త్రోవను, మరల మరల వ్రేలు నడపుటకే దిద్దుట యని పేరు. తప్పును సరిచేయుటయు దిద్దుటయే. ఈ రెండర్థములును ఒక్క మాటలో ఇమిడియుండుట నాకెప్పుడును వింతగనే తోచును. ఇక ఓనమాలన్న మాట 'ఓం నమః శివాయ సిద్ధం నమః' అనుదాని మొదటి యక్షరములనుండి పుట్టినది. అందు 'సిద్ధం నమః' అనుభాగము జైనులనుండి వచ్చినదని చరిత్రకారులు కొందఱందురు. బడి యెంత పాతదో దీనివలన ఊహింపవచ్చును.

సన్ 1822లో మదరాసు గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో, ఆ రాజధానిలోని జిల్లాలలో ఎన్ని బడులున్నవో, ఎందఱు చదువుచున్నారో, ఏమి చదువుచున్నారో లెక్క వ్రాసి పంపుడని కలెక్టరులకు ఉత్తరువు చేయించెను. అన్ని లెక్కలును కూడగా 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలిరి. కలెక్టరులలో పెక్కురు అంకెలు వేసి పంపి ఊరకుండిరి. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ మాత్రము బడిలో కూర్చుండి చూచినవానివలె వ్రాసెను. ఆయన ఉత్తరము 1823 ఆగస్టు 17వ తేదీది. 1816లో తెలుగు వ్యాకరణము నొకదానిని ఇంగ్లీషున ప్రకటించిన విద్వాంసు డాయన. కావున మన బడిపిల్లల కేకలు ఆయన చెవికి వట్టి గోల గావు. నాటి బళ్లారి జిల్లాలో అనంతపురపు సీమయు చేరియుండెను. అది వేఱుజిల్లా యైనది 1882లో. ఆ జిల్లాలో 533 బడులు, వానిలో 6,641 మంది పిల్లలు. బడికి పండ్రెండుగురు చొప్పున పడుదురు. తెలుగు చెప్పు బడులు 226, కన్నడము చెప్పునవి 235.

కాంబెల్ చూచిన బడి ఉదయము ఆరుగంటలకు మొదలగును. అందఱికంటె ముందు వచ్చిన పిల్లవాని యఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, వాడు మెప్పునకును తగడు, తిట్టునకును తగడని గుర్తు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చు. మా పెద్దలు దీనినే 'శ్రీ, చుక్క, దెబ్బ' యని చెప్పుకొనెడివారు. పిల్లలు కూడినపిదప వారిని సాధారణముగా నాలుగు తరగతులుగా విడదీయుదురు. క్రిందితరగతుల పిల్లలకు పై తరగతుల పెద్దపిల్లలే పాఠము చెప్పుదురు. అయ్యవారు పైవారికి చెప్పుచు అందఱిమీద కన్నువేసి యుండును.

ఇక ప్రధానవిషయము. బడిలో చేరిన బిడ్డ అక్షరములను నేల పఱచిన ఇసుకలో వ్రేలితో వ్రాయుచు నేర్చుకొనును గాని, ఐరోపాలోవలె వరుసగా పేర్లు వల్లించుటచేత గాదని కాంబెల్ ప్రత్యేకముగా గుర్తించెను. ఇసుకలో చేయి తిరిగినపిదపనే తాటాకుమీద గంటముతోనో, కాగితముమీద కలముతోనో వ్రాయుటకు వానికి అధికారము వచ్చును. పలకకు మాఱుగా కడితముండెను. బొగ్గు నూఱి చింతగింజల జిగురుతో కలిపి పూసిన గుడ్డమడత యది, దానిపై బలపముతో వ్రాసి తుడిచివేయుదురు. ఇంత తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పుటయు, పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించుటయు మెచ్చదగినవనియు, ఇంగ్లండు వీనిని అనుకరించుట తగినపనియే యనియు ఆయన అభిప్రాయము.

ఇసుకవలన పసిచేతికి కలుగు లాభ మెట్టిదో బడిపంతులు చెప్పవలెను గాని కలెక్టరు చెప్పలేడు. మన తెలుగు లిపి గీతల లిపి గాదు, వంకరల లిపి. 'అ' వ్రాయుటకు చేయి సుడి తిరిగి, పొట్ట తిరిగి, తోక విడువవలెను. అయిదేండ్ల బిడ్డకు మణికట్టు ఇంకను కుదురుకొనదు. సన్నని పెన్సిలు పట్టుకొనుటకే వాని బలమంతయు చాలదు. ఇసుకలోనైతే అక్షరము జానెడు వెడల్పున వ్రాయవచ్చును, భుజమంతయు కదలవచ్చును. ఇసుక వ్రేలిని కొంచెము అడ్డగించును. ఆ యడ్డగింపుచేతనే త్రోవ వ్రేలికి జ్ఞాపకముండును. నోరు అక్షరమును పలుకుచుండగా, చెవి వినుచుండగా, కన్ను చూచుచుండగా, వ్రేలు నడచును. తప్పు పోయినచో అఱచేతితో ఒక్కసారి చదును చేసిన తప్పుండదు, తప్పు చేసిన గుర్తును ఉండదు. ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన కాగితమును చూచి ఏడ్చిన పిల్లలను నేను పెక్కుమందిని చూచితిని. ఇసుకను చూచి ఏడ్చినవానిని ఒక్కని చూడలేదు.

కాంబెల్ మొదటి సాక్షి గాడు. సన్ 1623లో పియెత్రో దెల్లా వాల్లే అను రోమా నగరవాసి గోవానుండి ఇక్కేరికి పోవుచు, మూటలు సర్దుచుండగా ప్రొద్దుపుచ్చుటకై ఒక గుడిమండపములో కూర్చుండెను. అచ్చట నలుగురు పిల్లలు నేలపై సన్నని ఇసుక చల్లుకొని లెక్కలు నేర్చుకొనుచుండిరి. ఒకడు పాఠమును రాగముగా పాడుచు ఇసుకలో వ్రాయును, తక్కినవారు వానితో పాడుచు వ్రాయుదురు. గురువు లేడుగదా, మఱచినచో దిద్దువారెవరని ఆయన యడిగెను. నలుగురమును ఒక్కచోటనే మఱచుట సంభవింపదు, ఒకడు తప్పినచో తక్కినవారు దిద్దుదురని ఆ బాలురు సమాధానమిచ్చిరి. ఇంత తెలివైన ప్రత్యుత్తరమును శిక్షణకళాశాలలలో గూడ అరుదుగా వింటిని.

ఇంగ్లండునకు ఈ పద్ధతిని కొనిపోయినవాడు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు. ఆయన 1789లో మదరాసు ఎగ్మూరునందలి సైనికుల అనాథబాలుర బడికి అధికారి యయ్యెను. ఒకనాటి ఉదయము గుఱ్ఱమెక్కి పోవుచు, ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో వ్రేళ్లతో వ్రాయుచుండుట చూచెను. మలబారు బడి యని దానికి పేరు పెట్టినను, ఆ దినములలో ఇంగ్లీషువారు మలబారువారనినది తమిళులనే. తన బడిలో అట్లు నేర్పుడని ఉపాధ్యాయులకు చెప్పగా వారు పెడచెవిని పెట్టిరి. అప్పుడు బెల్, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలుని పిలిచి ఆ పని యప్పగించెను, బాలుడు నెగ్గించెను. 1797లో బెల్ లండనులో ఈ ప్రయోగమునుగూర్చి పుస్తకము ప్రకటించెను. దానికే మదరాసు పద్ధతి యని పేరు వచ్చెను. జోసెఫ్ లాంకాస్టరు అను మఱియొకడు ఇట్టి పద్ధతినే నడపి, నాదే ముందని ఆయనతో తగవాడెను. ఆ తగవుతో మనకు పని లేదు.

మనకు పని యున్నది వేఱొకటి. పండ్రెండుగురు పిల్లలు కూర్చుండు అరుగునుండి పుట్టిన యుక్తిని వారు వందలకొలది పిల్లలున్న విశాలమైన గదికి ఎత్తిపెట్టిరి. ఒక్క మాస్టరు, వరుసబల్లలు, ఒక బల్లమీద ఇసుకతట్ట, మొత్తము పని గంటకొట్టినట్లు జరుగవలెను. లాంకాస్టరు తప్పుచేసిన పిల్లవానిని బుట్టలో పెట్టి పైకప్పునకు వ్రేలాడగట్టించెడివాడు. మన అయ్యవారలు కోదండము వేయించినట్లే! దూలమునుండి త్రాడు వేసి పిల్లవాని రెండుచేతులను దానికి తగిలించి వ్రేలాడదీయుటయే కోదండము. దానినిగూడ కాంబెల్ చూచి వ్రాసెను. గుంజిళ్లు, తొడపాశము, గోడకుర్చీ సరేసరి. ఇసుక సముద్రము దాటిపోయినను దండన ఇరువైపులను ఒక్కటిగనే యుండెను.

మన వీథిబడిని పొగడబూనినవాడు దీనిని దాచుట న్యాయము గాదు. కాంబెల్ చూపిన దోషములు రెండు: పిల్లలు అర్థము తెలియని కావ్యములను కంఠస్థము చేయుట, సమర్థులైన ఉపాధ్యాయులు లేమి. మొదటిదానిని నేను పూర్తిగా నొప్పుకొనను. బాల్యమున అర్థము తెలియక వల్లించిన పద్యము ముప్పదియవయేట ఒకనాడు తనంతట తెఱచుకొనును; ఆ సుఖమెఱిగినవాడను. ఇది నా పక్షపాతమే యనుకొనుడు. అయినను పదిమందిలో ఒకనికి తెఱచుకొని తొమ్మండుగురకు మూతపడినచో ఏమి చెప్పగలను? కాంబెల్ చెప్పినదానికంటె పెద్దలోపము ఆయన అంకెలలోనే యున్నది. 6,641 మందిలో ఆడపిల్లలు కేవలము 60 మంది. అస్పృశ్యులని వెలివేయబడినవారి బిడ్డలకు ఆ అరుగులమీద చోటు దాదాపు లేనేలేదు. ఇసుక అందఱిదే, అరుగు కాదు.

ఈ నడుమ ఐరోపాలో పసివారి చదువును గూర్చిన చింత మఱియొక దారి పట్టెను. జర్మనీలో ఫ్రోబెల్ మహాశయుడు 1837లో బ్లాంకెన్‌బర్గున పసిపిల్లల బడి పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా బాలల తోట, యని పేరిడెను. ఆయన పిల్లలచేతికి అక్షరములనివ్వక నూలుబంతులు, కొయ్యగుండ్లు, ఘనములు నిచ్చెను. ఆటయే బాల్యపు పని యని ఆయన మతము. ఇంత నిరపాయమైన దానిని ప్రష్యా ప్రభుత్వము 1851లో నిషేధించెను! దొరతనములు బంతులకును భయపడు కాలములుండునని దీనివలన తెలియును.

1907 జనవరి 6వ తేదీన రోమా నగరమున, సాన్ లొరెంజో అను పేదలపేటలో, వైద్యురాలు మారియా మాంటిసోరి బాలగృహమును తెఱచెను. ఆమె అక్షరములను గరుకుకాగితముతో కత్తిరించి నున్నని అట్టలపై అంటించెను. బిడ్డ ఆ గరుకుమీద రెండు వ్రేళ్లు నడపుచు ఆ ధ్వనిని పలుకును. కొన్నాళ్లకు నాలుగైదేండ్ల పిల్లలు, ఎవ్వరును వ్రాయుమనకయే, తామే వ్రాయనారంభించిరి. చదువుట తరువాత వచ్చెను. శ్రోతలారా, ఈ వర్ణనము మీకెక్కడనో వినినట్లు తోచుటలేదా? ఆమె మన ఇసుకను చూచి నేర్చుకొనెనని నేననను. మందబుద్ధులైన పిల్లలకై పాటుపడిన ఇటార్డు, సెగాన్ అను ఫ్రెంచి వైద్యుల మార్గమున ఆమె అచ్చటికి చేరెను. రెండు త్రోవలు ఒక్క రేవునకు వచ్చినవి. భేద మొక్కటి: ఆమె గదిలో బెత్తము లేదు. ఏ బిడ్డ ఎప్పుడు అట్టను తీసికొనవలెనో బిడ్డయే నిర్ణయించును.

1939 నవంబరులో ఆమె మదరాసు అడయారునకు వచ్చెను. బెల్ ఎగ్మూరున అడుగుపెట్టి అప్పటికి నూటయేబది యేండ్లు. ఎగ్మూరునకును అడయారునకును నడుమ కొన్ని మైళ్లే. దివ్యజ్ఞానసమాజపు తోటలో ఆమె పెట్టిన మొదటి శిక్షణకు మున్నూరుమందికి పైగా ఉపాధ్యాయులు వచ్చిరి. 1940లో ఇటలీ యుద్ధములో దిగగా ఆమె శత్రుదేశీయురాలయ్యెను. కుమారుడు మారియో నిర్బంధింపబడెను. ఆ సంవత్సరము ఆగస్టు 31న ఆమె డెబ్బదవ జన్మదినమునకు కానుకగా ప్రభుత్వము కుమారుని విడిచిపుచ్చెను. 1946 వఱకు ఆమె ఈ దేశమున నుండి అనేకులకు శిక్షణ నిచ్చెను. ఆ గరుకుటక్షరములు మనకు ఇటలీనుండి వచ్చిన నవీనవస్తువులై, ధనవంతుల బిడ్డల బడులలో వెలసినవి. వీథిలోని ఇసుకకు ఆ గౌరవము రాలేదు.

ఈ విషయమున వేఱు అభిప్రాయము కలవారును గొప్పవారే. మహాత్మాగాంధి తన దస్తూరి బాగుండలేదని తన యాత్మకథలో విచారించి, పిల్లలు అక్షరములను మొదట పూవులను పక్షులను గుర్తించినట్లు చూచి గుర్తింపవలెననియు, చిత్రలేఖనము నేర్చినపిదపనే వ్రాతకు దిగవలెననియు వ్రాసెను. ఆలోచింపగా ఇసుకకును దీనికిని పెద్ద వైరము లేదు. ఇసుకలో 'అ' వ్రాయు బిడ్డకు అది బొమ్మయే.

నేనును ఈ సత్యమును పుస్తకములనుండి మొదట గ్రహింపలేదు. బడిలో ఒకటవ తరగతి చెప్పుచున్న కాలమున ఒక పిల్లవాడు నాలుగు నెలలయినను 'ఋ' వ్రాయలేకపోయెను. పలకపై వాని బలపము విఱుగుటయే గాని అక్షరము తిరుగదు. నేను వానిని మందలించితిని. ఒకటి రెండుసారులు కొట్టితిని గూడ. ఆ వేసవికి ముందు బడిగది కట్టుటకై ఏటియిసుక తోలి ఆవరణలో పోసిరి. విరామమున పిల్లలు దానిమీద ఆడుచుండగా ఆ బాలుడు చేత్తో ఇసుకను చదునుచేసి, మూరెడంత 'ఋ' వ్రాసి, కొమ్ము సహితముగా ముగించి, నన్ను చూచి బెదరి చెఱిపివేసెను. చెఱిపివేయుట చూచినప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికిని పోలేదు. మఱునాటినుండి ఒకటవ తరగతిని ఇసుకకుప్ప యొద్దకే మార్చితిని. గది కట్టుట ముగిసి ఇసుక అయిపోవునంతవఱకు అట్లే సాగెను. తరువాత ఒక తట్టెడు దాచుకొంటిని.

1975 అక్టోబరు 2నుండి అంగన్‌వాడీలు వచ్చినవి. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానము మూడునుండి ఎనిమిదేండ్ల వఱకు గల వయస్సును పునాదిదశ యని పేర్కొని, ఆటలకు పెద్దపీట వేసినది. కాగితముమీది మాట బాగుగనే యున్నది. అయితే వీథివీథిని వెలసిన పసిపిల్లల బడులలో మూడేండ్ల బిడ్డకు నాలుగుగీతల కాపీపుస్తకమిచ్చి, పుటనిండ వ్రాసి తెమ్మని ఇంటికి పంపుట నేను కన్నులార చూచుచున్నాను. తల్లిదండ్రులును నిండిన పుటలనే అడుగుదురు. ఇసుకలో వ్రాసినదానిని ఇంటికి తెచ్చి చూపుట కుదరదు గదా!

గడచిన వసంతపంచమికి మా మనుమరాలికి అక్షరాభ్యాసము చేసితిమి. పురోహితుడు ముమ్మాఱు దిద్దించి లేచెను. పాప మాత్రము లేవలేదు. తనంతట తాను బియ్యములో వ్రేలు త్రిప్పుచు, చదునుచేయుచు, మరల త్రిప్పుచు కూర్చుండెను. అది ఓకారమని చెప్పలేను. సున్నకును సుడికిని నడుమ నేదియో. ఫొటో తీయవలెను లెమ్మని తల్లి పిలిచెను. బియ్యము పురోహితునకు పోవలసినదని మఱియొకరు పళ్లెమును పట్టుకొనిరి. పళ్లెమును అక్కడనే యుంచి, ఆయనకు వేఱుగా మానెడు బియ్యము కొలిచి పెట్టుడని చెప్పితిని.