ఆత్మరక్షణ పిస్తోలుకు ఏ తూటా? .32 బోరు లైసెన్సుదారులు తెలుసుకోవలసిన విషయాలు

ఆత్మరక్షణ నిమిత్తం లైసెన్సు పొంది చిన్న పిస్తోలు కొన్నవారు ఆయుధం ఎంపికలో చూపిన శ్రద్ధ తూటా విషయంలో చూపడం అరుదు. ఆపద వేళ పనిచేసేదీ, గురి తప్పితే పక్కవారి ప్రాణం తీసేదీ తూటాయే.

భారతదేశంలో ఎంపిక పరిధిని చాలావరకు చట్టమే నిర్ణయిస్తుంది. 9 ఎం.ఎం. పిస్తోలు నిషిద్ధ బోరు వర్గంలోకి వస్తుంది. అందువల్ల సాధారణ పౌరుల వద్ద ఉండే పిస్తోళ్లు, రివాల్వర్లలో అధికం .32 బోరువే. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో, ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో లైసెన్సులోనే నమోదై ఉంటుంది.

మొదటి గందరగోళం '.32' అన్న అంకెలోనే ఉంది. పిస్తోలులో వాడే .32 ఏసీపీ తూటా పొట్టిది. దాని ఇత్తడి తొడుగు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. దీన్నే 7.65 ఎం.ఎం. అని కూడా అంటారు. రివాల్వర్‌లో వాడే .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ దానికన్నా పొడవైనది. పిస్తోలు తూటా కొన్ని రివాల్వర్లలో ఇమిడిపోతుంది కూడా. కానీ అది ఎక్కువ పీడనంతో పేలుతుంది. పాత రివాల్వర్ దాన్ని తట్టుకోకపోవచ్చు. దుకాణంలో '.32 తూటాలు' అని అడిగి ఊరుకోకుండా, పెట్టెపై ఉన్న పూర్తి పేరును ఆయుధంపై చెక్కిన పేరుతో సరిచూసుకోవాలి.

ఇక బుల్లెట్ ఎలాంటిదై ఉండాలి? ఈ చర్చకు మూలం అమెరికాలోని మయామి నగరంలో 1986 ఏప్రిల్ 11న జరిగిన కాల్పులు. బ్యాంకు దోపిడీ నిందితులు ఇద్దరితో జరిగిన పోరులో ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు మరణించారు. ఆరంభంలోనే ఒక నిందితుడి చేతిని చీల్చి ఛాతీలోకి దూరిన 9 ఎం.ఎం. బుల్లెట్ గుండెకు కొద్ది దూరంలో ఆగిపోయింది. అతడు ఆ తర్వాత కూడా కాల్పులు కొనసాగించాడు. ఈ అనుభవంతో ఎఫ్‌బీఐ ఒక ప్రమాణం ఏర్పరచుకుంది. శరీర కండరాన్ని పోలిన జెలటిన్ దిమ్మెలో బుల్లెట్ 12 నుంచి 18 అంగుళాల లోతు వెళ్లాలి. తక్కువైతే దాడి ఆగదు, ఎక్కువైతే మనిషిని దాటి వెనుక ఉన్నవారికి తగులుతుంది.

మొన బోలుగా ఉండే హాలో పాయింట్ బుల్లెట్ శరీరంలో విచ్చుకుని వేగం కోల్పోతుంది. 9 ఎం.ఎం. వంటి తూటాల్లో ఇది ప్రయోజనమే. అయితే చిన్న పిస్తోలు గొట్టం పొట్టిది కనుక వేగం తగ్గి బుల్లెట్ సరిగా విచ్చుకోకపోవచ్చు. మందపాటి బట్ట పీలికలు మొనలో నిండినా అంతే. బలం తక్కువైన .32 ఏసీపీలో చిక్కు మరోలా ఉంటుంది. అందులో విచ్చుకున్న బుల్లెట్ తరచు 12 అంగుళాలకు ముందే ఆగిపోతుంది. పూర్తి లోహపు తొడుగు ఉన్న బుల్లెట్ ఆ లోతును సులువుగా దాటుతుంది. కనుక .32లో తొడుగు బుల్లెట్ వైపు మొగ్గడంలో అర్థముంది. కాకపోతే ఇరుకు వీధిలోనో అపార్ట్‌మెంట్‌లోనో లక్ష్యం వెనుక ఎవరున్నారన్న ప్రశ్న మరింత బరువెక్కుతుంది. అవసరానికి మించిన హానికి ఆత్మరక్షణ హక్కు వర్తించదని భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ చెబుతోంది.

విచ్చుకునే బుల్లెట్‌కు మన దేశంతో పాత బంధుత్వమే ఉంది. 1890 దశకంలో కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో తయారైన ఇలాంటి బుల్లెట్లకు ఆ ఊరి పేరే స్థిరపడింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధాల్లో వాటిని నిషేధించింది. నిషేధం సైన్యాలకే, అమెరికా పోలీసులు వాడుతున్నది ఈ కోవకు చెందిన బుల్లెట్లనే.

ఏ తూటా ఎంచుకున్నా, అదే రకాన్ని ఒకటి రెండు పెట్టెలు శిక్షణ కేంద్రంలో కాల్చి చూడనిదే నమ్మరాదు. .32 ఏసీపీ తూటా అడుగు అంచు కాస్త బయటికి పొడుచుకుని ఉంటుంది. పొట్టి హాలో పాయింట్ తూటాలు మ్యాగజైన్‌లో ముందువెనుకలకు జరిగి, ఒకదాని అంచు మరొకదానికి చిక్కుకుని పిస్తోలు మొరాయించవచ్చు. రోజూ అదే తూటాను గదిలోకి ఎక్కించి దించుతూ ఉంటే బుల్లెట్ తొడుగులోకి నొక్కుకుపోయి పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. అలా కురచబడిన తూటాను కాల్చకుండా పక్కన పెట్టాలి.

అమెరికాలోని తెలుగువారికి మరో జాగ్రత్త అవసరం. విద్యార్థి వీసాపైనో హెచ్-1బీపైనో ఉన్నవారు తుపాకీనే కాదు, తూటాను కలిగి ఉండటమూ అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. అయినా రాష్ట్రాల చట్టాలు వేర్వేరు. టెక్సాస్‌లో మామూలుగా దొరికే హాలో పాయింట్ తూటాలను న్యూజెర్సీలో ఇంటి బయట వెంట తీసుకెళ్లడంపై కఠిన ఆంక్షలున్నాయి.

స్వదేశంలో విమానాశ్రయ తనిఖీల్లో సంచి అడుగున మరచిపోయిన ఒక్క తూటా బయటపడినా ఆయుధాల చట్టం కింద కేసు నమోదు కావచ్చు. తన వద్ద ఉందన్న ఎరుక ఉంటేనే అది నేరమయ్యే స్వాధీనమని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో వివరించింది. అయితే ఆ ఎరుక లేదని తేలేలోగా ప్రయాణం ఆగిపోతుంది. శిక్షణ కేంద్రానికి తీసుకెళ్లిన సంచిని ప్రయాణాలకు వాడకపోవడం మేలు.