బుధవారం, వోడెన్, దేవుడు: ఒక పోలిక పరిశీలన

గుడిబండ పరిసరాల్లో తెలుగువారి ‘బుధవారం’, కన్నడిగుల ‘బుధవార’ పక్కపక్కనే వినిపిస్తాయి. రెండూ సోదరభాషలే. అయినా ఈ పదసామ్యానికి ఆ సోదరత్వం కారణం కాదు. రెండూ సంస్కృతం నుంచి దీన్ని ఎరువు తెచ్చుకున్నాయి. ఇదే బుధవారం మరొక పెద్ద పొరపాటుకు ఆధారమైంది.

1786 ఫిబ్రవరి 2న కలకత్తాలో విలియం జోన్స్ చేసిన ఉపన్యాసం సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల బాంధవ్యాన్ని ప్రతిపాదించినందుకు ప్రసిద్ధం. ఆ ఉపన్యాసంలోనే ఆయన జర్మానిక్ జాతుల ప్రధానదైవమైన వోడెన్‌ను బుద్ధుడితో ఏకం చేశారు. ఇంగ్లీషు ‘వెన్స్‌డే’ వోడెన్ దినం, మనకది బుధవారం కావడం ఈ ఊహకు ఊతమైంది. చంద్రపుత్రుడైన బుధుడు వేరు, శాక్యముని వేరు అన్న భేదం ఇక్కడ చెరిగిపోయింది.

అసలు సంగతి వేరు. క్రీ.శ. 98 నాటి ‘జెర్మానియా’లో టాసిటస్ ఆ జాతులు అన్ని దైవాల కంటే మెర్క్యురీని ఎక్కువగా కొలుస్తాయని రాశాడు. రోమన్లు పరాయి దైవాలను తమ పేర్లతోనే పిలిచేవారు. ఆ మెర్క్యురీ వోడెనే అని పండితులు గ్రహించారు. రోమన్ వారంలోని మెర్క్యురీ దినం ఆ విధంగా వోడెన్ దినమైంది. గ్రహాల పేర్లతో నడిచే ఆ వారక్రమమే భారతదేశానికీ చేరింది. 484 నాటి ఏరణ్ శాసనం గురువారాన్ని పేర్కొంటుంది. మెర్క్యురీ గ్రహం మనకు బుధుడు. అంటే రెండు దినాలూ కలిసేది గ్రహం దగ్గరే, దైవం దగ్గర కాదు. ధాతువులూ కలవవు: వోడెన్ పేరులో ఉన్నది ఆవేశం, బుధుడి పేరులో ఉన్నది ఎరుక.

నిజమైన బాంధవ్యం మంగళవారంలో ఉంది. ‘ట్యూస్‌డే’లోని ‘టీవ్’ ప్రాచీనరూపం ‘తీవజ్’. వోడెన్‌కు పూర్వం ఇతడే ప్రధానదైవమని కొందరి వాదం. ఇతణ్ణి వైదిక ‘ద్యౌః’తో జతచేయడం పరిపాటి, ధ్వనిసూత్రాల ప్రకారం మాత్రం ఇది ‘దేవ’ శబ్దానికి సాటి. ప్రాచీన నార్స్‌లో దీని బహువచనం ‘తీవర్’కు దేవతలు అనే అర్థం. కనుక పేరును బట్టి ఇతణ్ణి ఆకాశాధిపతిగా నిర్ణయించడం తొందరపాటే అనిపిస్తుంది.

అయితే మన ‘దేవుడు’ ఆ వంశంలోనిదా? పదం అవును, భాష కాదు. అది సంస్కృతం నుంచి వచ్చి ‘డు’ ప్రత్యయం తొడుక్కున్న మాట. మన సొంతమాట ‘వేలుపు’. ‘ఇలవేలుపు’లో అది నేటికీ వాడుకలో ఉంది. తెలుగు సంస్కృతజన్యం కాదని ఎల్లిస్ 1816లో నిరూపించేసరికి జోన్స్ ఉపన్యాసానికి ముప్పై ఏళ్లు నిండాయి.