పాస్టోరల్ కౌన్సెలింగ్: చదువు, ఉద్యోగాలు

క్రైస్తవ వేదాంత విద్యనూ మనస్తత్వశాస్త్రాన్నీ కలిపి, కష్టంలో ఉన్నవారికి అండగా నిలవడం నేర్పే శాస్త్రం పాస్టోరల్ కౌన్సెలింగ్. 1925లో అమెరికాలోని వూస్టర్ మానసిక వైద్యశాలలో ఆంటన్ బోయిసెన్ వేదాంత విద్యార్థులకు రోగుల మధ్యే శిక్షణ మొదలుపెట్టారు. అంతకుముందు ఆయనే మానసిక రోగిగా చికిత్స పొందారు.

హైదరాబాదులోని మొఘల్‌పురా విద్యార్థికి నగరంలోనే అందుబాటులో ఉన్నది ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల. 1964లో రాజమండ్రిలో ఏర్పడి, 1973లో హైదరాబాదుకు తరలివచ్చింది. వేదాంత డిగ్రీలు ఇచ్చే సెరంపూర్ సెనేట్‌కు ఇది అనుబంధం. బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) కోర్సులో పాస్టోరల్ కౌన్సెలింగ్ ఒక భాగం మాత్రమే. వెల్లూరులోని క్రిస్టియన్ కౌన్సెలింగ్ సెంటర్ ప్రత్యేక శిక్షణ ఇస్తుంది.

అసలు చదువు రోగి మంచం పక్కనే. మాట్లాడి వచ్చిన విద్యార్థి ఆ సంభాషణను గుర్తున్నంతవరకు మాట మాటగా, మౌనాలతో సహా రాస్తాడు. బాధ పూర్తిగా వినకముందే ధైర్యం చెప్పిందెక్కడో, తనకు ఇబ్బందై ప్రార్థనకు తొందరపడిందెక్కడో గురువు, తోటివారు ఎత్తిచూపుతారు. పుస్తకాలకన్నా ఈ సాధనే మనిషిని తీర్చిదిద్దుతుంది.

చదివినవారు సంఘకాపరులుగా, ఆసుపత్రి చాప్లిన్లుగా, పాఠశాల, కుటుంబ సలహాదారులుగా, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తారు. జీతాలు సాధారణంగా తక్కువే. 1971లో హైదరాబాదుకు వచ్చిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ పాతబస్తీలో హిందూ, ముస్లిం కుటుంబాల మధ్య చేసిన సయోధ్య కృషి పాస్టోరల్ కౌన్సెలింగ్‌కు దగ్గరి రంగం. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే మాత్రం భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు వేరుగా చదవాలి.